తనకు తానే యజమాని

మా తండ్రిగారు అమావాస్యనాడు ప్రెస్సు త్రిప్పెడివారు కారు. తెనాలిలో మా యింటి ముందు వసారాయే ఆయన అచ్చుకూటము. అందులో కాలితో త్రొక్కెడి ట్రెడిల్ యంత్రమొకటి, సీసపు అక్షరముల గళ్లపెట్టెలు నాలుగు, కాగితము కోయు కత్తి యొకటి ఉండెడివి. అమావాస్యనాటి ఉదయమున ఆయన రోలర్లను కిరసనాయిలుతో తుడిచి, చెదరిన అక్షరములను వానివాని గళ్లలో వేసి, పదిగంటలకెల్ల తలుపు మూసివైచెడివారు. మధ్యాహ్నము భోజనము చేసి అరుగుమీద నిద్రించెడివారు. సాయంకాలము నన్నును మా తమ్ముని కాలువగట్టునకు తీసికొనిపోయెడివారు. ఎవరైన వచ్చి కరపత్రములు రేపటికి కావలెనని తొందరపెట్టినచో, "అమావాస్య, బాబూ" అని ఒక్కమాట అనెడివారు. ఆ మాటకు ఎదురుమాట చెప్పినవానిని నేనెరుగను. వచ్చినవాడు తల యూచి వెడలిపోయెడివాడు.

నేను పెద్దవాడనై, సంస్కృతమును ఇంగ్లీషును చదివి, ఉపాధ్యాయుడనైన పిమ్మట ఈ యాచారము నాకు నవ్వు పుట్టించెడిది. 2009లో తండ్రిగారు కాలము చేసిరి. ప్రెస్సు మా తమ్ముని చేతికి వచ్చినది. మరుసటి సంవత్సరము నేనే వానిని కూర్చుండబెట్టి బోధించితిని. చంద్రుడు కనబడనంతమాత్రమున కాగితమునకు సిరా అంటకపోవునా? ఏటికి పండ్రెండు పదుమూడు దినములు ఒక గుడ్డిభయమునకు బలిచేయుట చదువుకొన్నవారికి తగునా? అని వాదించితిని. తమ్ముడు నా మాట త్రోసివేయువాడు కాడు. ఆ నెలనుండియే మా ప్రెస్సు అమావాస్యనాడును నడచినది. మూఢాచారము నొకదానిని మా గడప దాటించితినని నేను మిగుల సంతసించితిని. దానితోపాటు మరేమి గడప దాటినదో తెలిసికొనుటకు నాకు పదుమూడేండ్లు పట్టినది. ఆ సంగతి చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తమ్ముడు పనిమంతుడు. 2012లో ట్రెడిల్‌ను అమ్మివైచి మినీ ఆఫ్‌సెట్ యంత్రమును కొనెను, వసారాను గదిగా కట్టించెను, కంప్యూటరు పెట్టెను. బిల్లు పుస్తకములు, రసీదు పుస్తకములు, కరపత్రములు వచ్చుచునే యుండును గాని, ఆ ప్రెస్సునకు ప్రాణము పెండ్లి శుభలేఖలు. శివకాశినుండి వచ్చు ఖాళీ శుభలేఖలను తెప్పించి, వానిపై వధూవరుల పేర్లును ముహూర్తమును అచ్చువేసి యిచ్చుట పని. ఈ పనికి పంచాంగమే యజమాని. మాఘ ఫాల్గుణములలోను, వైశాఖ జ్యేష్ఠములలోను, శ్రావణమాసమునందును కూర్చుండుటకు తీరికయుండదు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము వచ్చినచో యంత్రముమీద దుమ్ము పడును. గురు శుక్ర మౌఢ్యములు వచ్చినప్పుడు మంచి నెలలు కూడ ఖాళీయై పోవును. ఇట్టి వృత్తిలో నున్నవానికి రెండు భయములు. పని యున్నప్పుడు సమయము చాలదేమో యనునది యొకటి, పని లేనప్పుడు అది మరల రాదేమో యనునది రెండవది. మొదటిది నిద్రను తినివేయును. రెండవది నెమ్మదిని తినివేయును.

ఈ రెండవ భయము 2020లో వాని ఎముకలకు పట్టినది. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతయు మూతపడెను. వేసవి ముహూర్తములన్నియు గాలికి పోయినవి. పిదప పెండ్లిండ్లకు అనుమతి వచ్చినను, అతిథులు ఏబదిమందికి మించరాదని ఆజ్ఞ. ఏబదిమందికి శుభలేఖ లచ్చువేయించువా డెవడు? ఫోనులో బొమ్మ నొకదానిని పంపిన చాలును. కరువు తీరిన తరువాతను ఆ యలవాటు కొంత నిలిచిపోయినది. అయిదువందల శుభలేఖలు వేయించువారు రెండువందలతో సరిపుచ్చుకొనసాగిరి. నాటినుండి మా తమ్ముడు "కాదు" అను మాటను మరచిపోయెను. ఎవరే పని తెచ్చినను, ఎంత తొందరపెట్టినను, "సరే నండి" యనుటయే.

వాని దినచర్య యెట్లుండెనో చెప్పెదను. ఉదయము ఆరుగంటలకు ప్రెస్సులో దీపము వెలుగును. రాత్రి పదకొండు దాటినగాని ఆరదు. వానివద్ద పనివా రిద్దరు. యంత్రము నడుపు నత డొకడు. కాగితము మడతపెట్టి జిగురంటించు అమ్మాయి యొకతె. వారిలో నొకరు ఆదివారము, ఒకరు సోమవారము సెలవు తీసికొనెడివారు; వారి పని సాయంకాలము ఆరుగంటలతో ముగియును. తమ్ముడు ఈ విషయములో మిక్కిలి న్యాయవంతుడు. అదనముగ ఒక్క గంట పనిచేయించుకొన్నచో దానికి వేరుగ లెక్కకట్టి యిచ్చెడివాడు. కాని ప్రెస్సు మాత్రము ఏనాడును మూయబడెడిది కాదు. మా తండ్రిగారి కాలమున చెక్క తలుపు వేసినచో పని వెలుపల నిలిచిపోయెడిది. ఇప్పుడది జేబులో నుండి పిలుచును. రాత్రి పదకొండు గంటలకు వరుని తండ్రి వాట్సాపులో వ్రాయును: అక్షరము కొంచెము పెద్దది చేయుడు. పదకొండున్నరకు వధువు మేనమామ వ్రాయును: పిల్లవాని చదువు పేరు ప్రక్కన చేర్చుడు. పండ్రెండు గంటలకు మరల తండ్రియే వ్రాయును: మొదటి అక్షరమే బాగున్నది.

ఒక ఆదివారము నేను వారి యింటికి పోయి, "ఈ పూటైనా ఆ మిషను ఆపరాదురా?" అంటిని.

వాడు నవ్వెను. "అన్నయ్యా, నీకు సెలవు సర్కారు ఇస్తుంది. మా పనివాళ్లకు నేనిస్తున్నాను. నాకెవరిస్తారు?" అనెను.

నాకు సమాధానము తోచలేదు. ఏటికొక పర్యాయము వేసవి సెలవులను, దసరా సెలవులను, సంక్రాంతి సెలవులను అడుగకయే పొందుచున్న నావంటివాడు అట్టివానికి హితోపదేశము చేయుట సులభము. కాబట్టి ఊరకుంటిని. ఊరకుండుట తప్పని తరువాత తెలిసినది.

2023 వేసవిలో ఒక పెండ్లి శుభలేఖ వచ్చినది. ముహూర్తము బుధవారము రాత్రి 2 గంటల 14 నిమిషములకు. అనగా తెల్లవారితే గురువారము. మన లెక్కలో దినము సూర్యోదయముతో మారును; ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రితో మారును. అందుచేత ఇట్టి రాత్రి ముహూర్తములను అచ్చువేయునప్పుడు "తెల్లవారితే" అను మాట ప్రాణమువంటిది. ఆ శుభలేఖ మూడు రాత్రులలో ఆరు పర్యాయములు మార్పబడెను. ఆరవసారి అక్షరములు జరుపునప్పుడు ఆ మాట జారిపోయి, "గురువారము రాత్రి" అని మిగిలినది. ముహూర్తపు పంక్తులను కడపట చూచుపని నాది. ఆ రాత్రి పరీక్ష పత్రములు దిద్ది దిద్ది, పండ్రెండున్నరకు, మంచముమీద పడుకొని ఫోనులో ఆ ప్రూఫును చూచితిని. "సరిగా ఉంది" అని వ్రాసి పంపితిని. తెల్లవారునప్పటికి నాలుగువందల శుభలేఖలు అచ్చయినవి.

నాలుగవనాడు పురోహితుడు చూచి చెప్పునప్పటికి వానిలో సగమునకు పైగా పంచబడినవి. ఆ యింటివారును మేమును కూర్చుండి అందరికిని ఫోను చేసితిమి. ఒక్కరికి మాత్రము వర్తమానము చేరలేదు. ఆమె పెండ్లికూతురి తాతగారి అక్క. శ్రీకాకుళము జిల్లాలో నుండును. ఎనుబదియేండ్లు దాటినవి. గురువారము సాయంకాలము ఆమె రైలు దిగి వచ్చునప్పటికి పందిరి గుంజలు పీకుచున్నారట. మరునాడు ఉదయము ఆ యింటి యజమాని ఆమెను వెంటబెట్టుకొని మా తమ్ముని యింటికి వచ్చెను. మేము తిట్లు తినుటకు సిద్ధముగ నుంటిమి. ఆయన ఒక్కమాట అనలేదు. ఆ ముదుసలి తన చేతిసంచిలోనుండి శుభలేఖను తీసి మా తమ్మునికి చూపి, "నేను తప్పు చదివానా నాయనా? నాకు చూపు సరిగా ఆనదు" అనెను.

"లేదమ్మా. మీరు సరిగానే చదివారు. మేమే తప్పు వేశాం" అని తమ్ముడు చెప్పెను. నేను ప్రక్కనే నిలుచుండి యుంటిని. ఆ తప్పులో సగము నాదని చెప్పుటకు నోరు రావలసినంత త్వరగా రాలేదు. చెప్పితిని గాని, ఆలస్యముగ చెప్పితిని.

మరుసటి వారము తమ్మునికి తల తిరిగి, మెట్టుమీదనే కూర్చుండిపోయెను. వైద్యుడు రక్తపోటు చూచి పెదవి విరిచి, రోజునకెన్ని గంటలు నిద్రించెదరని యడిగెను. "ఎప్పుడూ లెక్క వేయలేదండి" అని తమ్ముడు చెప్పెను. రీము కాగితములో ఒక్క తావు తగ్గినను కనిపెట్టువాడు, తన నిద్రను ఏనాడును లెక్కపెట్టలేదు!

అప్పుడు నా యలవాటు చొప్పున పుస్తకములను తిరుగవేసితిని. ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన లెక్కయొకటి కనబడినది. వారమునకు 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతము వచ్చు ప్రమాదము 35 పాళ్లు, గుండెజబ్బుతో మరణించు ప్రమాదము 17 పాళ్లు నూటికి హెచ్చు. ఇట్టి దీర్ఘశ్రమ వలన 2016లో ఈ రెండు రోగములచే లోకమున 7,45,000 మంది మరణించిరని వారి అంచనా. మా తమ్ముని వారము నూరు గంటలు!

చట్టముల సంగతి చూచితిని. 1919లో వాషింగ్టన్ నగరమున కార్మిక సంస్థవారు మొట్టమొదట చేసిన ఒడంబడికయే పరిశ్రమలలో దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబది యెనిమిది గంటలు అనునది. మన దేశమునకు మాత్రము అప్పుడు వారమునకు అరువది గంటలని ఏర్పరచిరి. 1942లో మన దేశమున దుకాణములు, భోజనశాలలు, నాటకశాలలలో కొలువు చేయువారికి వారమున కొక సెలవని చట్టము పుట్టినది. ఇవన్నియు గొప్ప విజయములే. అయితే ఆ 1919 ఒడంబడికలో ఒక చిన్న మినహాయింపు కలదు. ఒకే కుటుంబమువారు మాత్రమే పనిచేయు చోట్లకు అది వర్తింపదు. అది చదివినప్పుడు నా కొక సంగతి స్ఫురించినది. కూలివానిని యజమానినుండి కాపాడుటకు లోకము నూరేండ్లు పోరాడినది. తనకు తానే యజమానియైనవానిని తననుండి కాపాడుట ఎవరి పనియు కాలేదు.

స్వంత వ్యాపారి యొక్కడు కాడు, వానిలో ఇద్దరున్నారు. ఒకడు యజమాని, మరియొకడు సేవకుడు. ఈ యజమాని తన సేవకునికి జీతము నిర్ణయింపడు, సెలవు ఈయడు, రోగము వచ్చినను నమ్మడు. పాపము, ఆ సేవకుడు సంఘము పెట్టుకొనలేడు, సమ్మె చేయలేడు, రాజీనామా ఈయలేడు. మా తమ్ముడు తన పనివారికి చూపిన న్యాయములో సగమైనను తనలోని పనివానికి చూపియుండినచో, ఆ ముదుసలి పెండ్లి చూచియుండును.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడ అచ్చుపనివాడే. ఆయన తన స్వీయచరిత్రలో ఇరువది నాలుగు గంటలకును ఒక పట్టిక వేసికొనెను. ఉదయము ఎనిమిదినుండి పండ్రెండు వరకును, మరల రెండునుండి ఆరు వరకును పని. నడుమ రెండు గంటలు భోజనము, చదువు, లెక్కలు చూచుట. సాయంకాలము వస్తువుల నెక్కడివక్కడ సర్దుకొనుట, సంగీతము, మాటలు. రాత్రి పదినుండి అయిదు వరకు నిద్ర. పట్టికకంటె ఆయన దానిక్రింద ఒప్పుకొన్న మాట నాకు ముఖ్యముగ తోచినది. ఈ క్రమము పాటించుట తనకు మిక్కిలి కష్టమైనదనియు, కూలికి పనిచేయు అచ్చుపనివానికి అది సాధ్యము కావచ్చును గాని, వచ్చినవారిని వారికి వీలైన వేళలలో కలిసికొనవలసిన యజమానికి అది కుదురుట దుర్లభమనియు ఆయన వ్రాసెను. అంతటివాడును తమ్మునివలెనే తికమకపడినాడు! అయినను ఆ పట్టికను చింపివేయలేదు. 1748లో, నలుబది రెండేండ్ల వయసున, ప్రెస్సు వ్యవహారమును భాగస్వామి కప్పగించి తాను తప్పుకొనెను.

మన కౌటిల్యుడు రాజునకు పగటిని ఎనిమిది పాళ్లుగను, రాత్రిని ఎనిమిది పాళ్లుగను పంచియిచ్చెను. ఆదాయవ్యయములు, ప్రజల మొరలు, మంత్రులతో ఆలోచన, సేనల తనిఖీ, ఇన్నిటి నడుమ స్నానభోజనములకును చదువునకును ప్రత్యేకముగ ఒక పాలు. వినోదమునకును చోటు కలదు. నిద్రకు ఆయన యిచ్చినది బహు స్వల్పము. అందు నే నాయనను అనుసరింపుమని చెప్పజాలను. కాని రాజు తన శక్తిననుసరించి ఈ విభాగమును మార్చుకొనవచ్చునని కూడ ఆయనయే చెప్పెను. రాజ్యమేలువానికి భోజనము చేయుటకు వేళ యుండగా, రసీదు పుస్తకము లచ్చువేయువానికి లేకపోవుట యేమి?

పుస్తకములనుండి దిగివచ్చి నేనును తమ్ముడును ఒక చిన్న పని చేసితిమి. ఒక నోటుపుస్తకము తెచ్చి, నెలదినములపాటు ప్రతి గంటయు ఎక్కడికి పోవుచున్నదో వ్రాసితిమి. నెల తిరిగి చూచునప్పటికి మేమిద్దరమును నివ్వెరపోతిమి. తమ్ముడు దినమునకు పదునైదు గంటలు ప్రెస్సులో నుండుచున్నాడు. యంత్రము నిజముగ అచ్చువేయుచున్నది అయిదున్నర గంటలు మాత్రమే. మిగిలిన కాలమెక్కడ పోయినది? ఒక ఎర్ర సిరా పని, వెంటనే ఒక నీలము పని, మరల ఒక ఎర్ర పని. ప్రతి మార్పునకును రోలర్లు కడుగుటకు అరగంట. కాగితమునకై వారమునకు మూడుసార్లు విజయవాడ ప్రయాణము. ప్రూఫునకు వరునివైపువా రొకమాట, వధువువైపువా రొకమాట. పాత బాకీలకై తిరుగుళ్లు. పదునైదు గంటలు కష్టపడుచున్నా ననుకొన్నవాడు నిజమునకు తొమ్మిదిన్నర గంటలు చెదరిపోవుచుండెను. చెదరుటయందలి అలసట పనియందలి అలసటకంటె హెచ్చు.

దిద్దుబాటు కష్టముకాలేదు. ఒక్కొక్క రంగు పనులన్నియు ఒకనాడు చేర్చితిమి. ఒకే దినమున రెండు రంగులు తప్పనిచో లేతదానిని ముందు, ముదురుదానిని వెనుక వేసినచో కడుగుట తేలిక. కాగితమునకు వారమునకొకే ప్రయాణము. పని ఒప్పుకొన్ననాడే సగము సొమ్ము. ప్రూఫులో రెండు మార్పులు ఉచితము, మూడవదానికి రుసుము. ఈ నియమము పెట్టిన మొదటి వారమునందే వధూవరుల బంధువులందరికిని అకస్మాత్తుగ ఏకాభిప్రాయము కుదిరినది! కడపటి ప్రూఫుమీద ఇంటి పెద్ద సంతకము చేయవలెను. సాయంకాలము ఆరు దాటిన తరువాత ముహూర్తపు పంక్తిని నేను చదువను. ప్రెస్సునకు వేరొక ఫోను; అది ఎనిమిది గంటలకు ప్రెస్సులోనే నిద్రపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది జీతము. తమ్ముడు అంతవరకు గల్లాపెట్టెలోనుండి కావలసినప్పుడు తీసికొనుచు, లేనప్పుడు మానుచు నుండెను. ఇప్పుడు ప్రెస్సు సొమ్ము వేరు, ఇంటి సొమ్ము వేరు. నెల మొదట వానికొక నిర్ణీతమైన జీతము. మాఘములో మిగిలినది ఆషాఢమునకు దాపు. యజమాని సేవకునికి మొట్టమొదటిసారి జీతమిచ్చెను.

ఇక సెలవు. ఆదివారము మూయుటకు వీలులేదు; ఉద్యోగస్థులు శుభలేఖలు చూచుటకు వచ్చునది ఆనాడే. నోటుపుస్తకము తిరుగవేయగా ఒక వింత బయటపడినది. మంగళవారము శుభలేఖ పని యిచ్చుటకు ఒక్కరును రాలేదు. మంగళవారము శుభకార్యములకు పనికిరాదని లోకులు నమ్ముదురు గదా! అందుచేత మంగళవారమే సెలవని నిశ్చయించితిమి. పనివారిద్దరిని అడిగితిమి, యంత్రము నడుపునతడు తన పిల్లలు ఇంట నుండునది ఆదివారమే యనెను, అతనికి ఆదివారము మధ్యాహ్నము నుండి విడుపు ఇచ్చితిమి. తలుపుమీద పలక పెట్టితిమి. తరువాతి మంగళవారమున నేనచట నుండగా ఒక రైతు వచ్చి, పలకను చూచి, "మంగళవారం గదా" అని తల యూచి వెడలిపోయెను. అచ్చముగ మా తండ్రిగారి అమావాస్యనాటి తలయూపే!

నాకు సిగ్గు కలిగినది. ఏ మూఢనమ్మకమును వెడలగొట్టితినని గర్వించితినో, దాని తోబుట్టువు నీడలోనే మా తమ్మునికి విశ్రాంతి దొరకినది. అయినను మేము దినదోషము పేరు చెప్పుకొనలేదు. పలకపై "వారపు సెలవు" అని మాత్రమే కలదు. అడిగినవారికి, "విశ్రాంతి కోసమండి" అని తమ్ముడు చెప్పుచున్నాడు. ఆ మాట చెప్పుట మొదట వానికి దొంగతనము ఒప్పుకొన్నట్లుండెను. ఇప్పుడు తడబడకుండ చెప్పుచున్నాడు.

ఇంతటితో వ్యాసము ముగించి మెప్పు పొందవచ్చును. కాని మొదటి మంగళవారము సాయంకాలము జరిగినది చెప్పనిచో అబద్ధమగును. సెలవు సంబరమునకు మా యింటివారిని కూడ భోజనమునకు పిలిచిరి. పులిహోర, గారెలు, గుత్తివంకాయ కూర. మేమందరమును తిని, తమ్ముని నిద్రను ఆశీర్వదించి, అరుగుమీద చేరితిమి. మా మరదలు చెమట తుడుచుకొనుచు వచ్చి నిలుచుండెను. "బావగారూ, ప్రెస్సుకు సెలవిచ్చారు, సంతోషం. నాకు మంగళవారం ఏ వారం వస్తుంది?" అనెను.

పిమ్మట ఆమె ఆ నోటుపుస్తకమునే తెచ్చి నా చేతికిచ్చెను. మేము ముందునుండి వ్రాసికొనుచు రాగా, ఆమె వెనుకనుండి వ్రాసికొనుచు వచ్చినది! జీఎస్టీ బిల్లులు, జమాఖర్చులు, తొందర పనులు వచ్చిన రాత్రులలో కవరులు అంటించుట, పనివారికి తేనీరు, వచ్చినవారికి మంచినీళ్లు, ఇద్దరు పిల్లల చదువు, మూడుపూటల వంట. ఆమె గంటలు తమ్ముని గంటలను మించినవి. మా లెక్కలో ఆమె పేరే లేదు. 1919 నాటి ఒడంబడికలోని మినహాయింపును గూర్చి నేను చింతించితిని గదా. మా పట్టికలోనే అంతకంటె పెద్ద మినహాయింపు ఉన్నదని నాకు తోచలేదు. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడిన నోరు నాది!

ఆ రాత్రియే పట్టిక తిరుగవ్రాసితిమి. లెక్కలు చూచుటకు ప్రెస్సు ఆమెకు వేరుగ జీతమిచ్చును. అది ఆమె పేరనున్న ఖాతాలో పడును. కవరుల పని ప్రెస్సువేళలలోనే ముగియవలెను. మంగళవారము వంట తమ్మునిది. వానికి పప్పుచారు, బంగాళాదుంప వేపుడు తప్ప మరేమియు రాదు. ఇంతవరకు ఎవరును మొరపెట్టలేదు.

పరీక్ష త్వరలోనే వచ్చినది. 2024లో మే, జూన్ నెలలు మౌఢ్యమున పడి ముహూర్తములు లేకపోయినవి. ఎప్పుడును ఊపిరాడని ఆ నెలలలో శుభలేఖ అడిగినవాడు లేడు. మునుపైనచో తమ్ముడు ఇరువదిమంది గుమ్మములు తొక్కి, వచ్చిన ధరకు పనులొప్పుకొని యుండును. ఈసారి దాచిన సొమ్ములోనుండి ఇద్దరి జీతములును, పనివారి జీతములును నడచినవి. బడులు తెరచునప్పటికి కావలసిన రసీదు పుస్తకములను తీరికగ అచ్చువేసిరి. ఒక మంగళవారము అందరును బాపట్ల ప్రక్కనున్న సూర్యలంకకు పోయి సముద్రము చూచి వచ్చిరి. అంత దగ్గరలోనున్న సముద్రమును ఆ పిల్లలు అదే మొదలుగ చూచుట!

అంతయు చక్కబడినదని నేను చెప్పను. శ్రావణమాసపు ఒత్తిడిలో నియమము రెండుసార్లు తప్పినది. రాత్రి పని చేయరని కోపించి కొందరు వేరు ప్రెస్సులకు పోయిరి. మొదటి మూడు నెలలు రాబడి కొంత తగ్గినది. తిరుగ అచ్చువేయవలసిన తప్పులు తగ్గినందున పిదప సరితూగినది. తమ్ముని రక్తపోటు మందుతోనే అదుపులో నున్నది. మరియొక మాటయు ఒప్పుకొనవలెను. ఒకనాడు బండి కదల్పనిచో ఆనాటి అన్నము లేని ఆటోవానికి, తోపుడుబండి కూరగాయలమ్మకు, ఈ నోటుపుస్తకము సెలవీయజాలదు. వారికి కావలసినది ఉపదేశము కాదు, రేపటి గ్రాసమునకు భరోసా. విశ్రాంతి యొక సద్గుణము మాత్రమే కాదు. అది కలిమిలో నొక భాగము. దానిని కలవారు తమకై దాచుకొని, లేనివారికి కష్టపడుటలోని గొప్పతనమును బోధించుట న్యాయము కాదు.

ఈ కథవలన నేను నేర్చినది ఒకటి కలదు. పాత యాచారమును తీసివేయవలసివచ్చినప్పుడు దానిక్రింద ఎవరు తలదాచుకొనియున్నారో వంగి చూచి మరి తీయవలెను. అమావాస్య భయము అబద్ధము. నేడును అదే చెప్పుదును. కాని ఆ భయము చాటున మా తండ్రిగారి మధ్యాహ్నపు నిద్ర ఉండెను. మా కాలువగట్టు షికారు ఉండెను. ఎవరి మనస్సును నొప్పింపక "నేడు కాదు" అని చెప్పగల మాట యొకటి ఉండెను. భయమును పారవైచి ఆ మూటిని నిలుపుకొనవలసినది. నేను నాలుగింటిని కలిపి పారవైచితిని.

చదువరులారా, స్వంత వ్యాపారి తన సెలవు తానే ఇచ్చుకొనవలెను, నిజమే. కాని వాడు "నేడు కాదు" అనునప్పుడు తల యూచి వెడలిపోవువారు కూడ ఉండవలెను. ఆ వెడలిపోవువారము మనమే. మీ వీధి దర్జీకో, కిరాణా కొట్టువానికో, శుభలేఖలవానికో రాత్రి పదిగంటలకు సందేశము వ్రాయబోవునప్పుడు ఒక్క నిమిష మాగి, రేపు ఉదయము పంపుడు. ఆ గుమ్మమునకు సెలవు పలక కనబడినచో విసుగుకొనక తల యూపుడు. దీనికి సభలక్కరలేదు, చందాలక్కరలేదు. మా తండ్రిగారి కాలమున ఊరివారందరును నెలకొకసారి చేసిన పనియే యిది.